రెండు చవితులు, ఒకే చందమామ

పిల్లాడు అన్నం తినకపోతే మిద్దె మీదికి ఎత్తుకెళ్లి చందమామను చూపించే తల్లే, వినాయక చవితి సాయంత్రం మాత్రం "తల ఎత్తొద్దురా, లోపలికి రా" అంటుంది. ఆ రోజు చంద్రుణ్ణి చూస్తే చేయని తప్పుకు నింద పడుతుందని నమ్మకం. మా చిత్తూరు వైపు ఏ ఇంట్లో చూసినా ఇదే మాట. ఏడాదంతా పట్టించుకోని చంద్రుడి మీదికి ఆ ఒక్క సాయంత్రమే పిల్లల మనసు పోతుంది. పెద్దవాళ్లకూ అంతే, పైకి చెప్పరు. పైగా శుద్ధ చవితి చంద్రుడు ఎక్కడో దాక్కుని ఉండడు. పొద్దు గూకేసరికే పడమట సన్నగా వంపు తిరిగి కనిపిస్తాడు, ఇంచుమించు తొమ్మిదింటికల్లా అస్తమిస్తాడు. సరిగ్గా దీపాలు పెట్టే వేళ, జనం మండపాలకు బయల్దేరే వేళ ఎదురుగానే ఉంటాడు. చూడకుండా తప్పించుకోవడం తేలికేం కాదు.

శ్రీకృష్ణుడికే కుదరలేదు కదా! వ్రతకథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అదే. చవితి చంద్రుణ్ణి ఎవరూ చూడకూడదని ద్వారకలో చాటింపు వేయించినవాడు ఆయనే. ఆ రాత్రి ఆకాశం వైపు చూడకుండా జాగ్రత్తగా గోశాలకు వెళ్లాడు. పాలు పితుకుతూ కిందికి చూస్తే, పాలలో చంద్రబింబం! పైకి చూడనివాడి కోసం చందమామే కిందికి వచ్చాడు. ఆ తర్వాతిది మనకు తెలిసిందే. సత్రాజిత్తు దగ్గర సూర్యుడిచ్చిన శ్యమంతకమణి ఉంది. దాన్ని మెడలో వేసుకుని వేటకు వెళ్లిన తమ్ముడు ప్రసేనుడు తిరిగి రాలేదు. మణి కోసం కృష్ణుడే చంపేశాడన్న మాట ఊరంతా పాకింది.

కృష్ణుడు ఆ మాట అన్నవాళ్లతో గొడవ పడలేదు. ఊరివాళ్లను వెంటబెట్టుకుని అడవిలోకి వెళ్లాడు. ప్రసేనుడు పడి ఉన్న చోటు దొరికింది, సింహం అడుగులు దొరికాయి, ఆ సింహాన్ని చంపిన భల్లూకం జాడ ఒక గుహ దాకా తీసుకెళ్లింది. జనాన్ని బయట ఉంచి తానొక్కడే లోపలికి నడిచాడు. అక్కడ ఒక దాది ఊయలలో పసివాణ్ణి ఊరడిస్తోంది.

సింహః ప్రసేనమవధీత్ సింహో జాంబవతా హతః
సుకుమారక మా రోదీః తవ హ్యేష స్యమంతకః

"సింహం ప్రసేనుణ్ణి చంపింది, ఆ సింహాన్ని జాంబవంతుడు చంపాడు. ఏడవకు నాన్నా, ఈ శ్యమంతకం నీదే." చవితి చంద్రుణ్ణి పొరపాటున చూసినవాళ్లు దోషం పోవడానికి చదువుకోమని పెద్దలు చెప్పే శ్లోకం ఇదే. ఇందులో దేవుడి స్తోత్రం లేదు, క్షమించమని వేడుకోలు లేదు, ఏ బీజాక్షరమూ లేదు. ఏడుస్తున్న పిల్లవాడికి దాది చెప్పిన నాలుగు ముక్కలు, అంతే. కానీ ఎవరు ఎవర్ని చంపారు, మణి ఇప్పుడు ఎవరి దగ్గరుంది అన్నదంతా అందులో ఉంది. కృష్ణుడిని కాపాడాలని ఆమె చెప్పలేదు, గుహ బయట ఎవరున్నారో కూడా ఆమెకు తెలియదు. ఏ లాభమూ ఆశించని నోటి నుంచి వచ్చిన నిజం కాబట్టే నీలాపనింద పోగొట్టే శక్తి దానికి వచ్చిందని నేను నమ్ముతాను. భాగవతం ప్రకారం జాంబవంతుడితో 28 రోజులు పోరాడి, మణి తెచ్చి, కృష్ణుడు దాన్ని అందరి ఎదుటా సత్రాజిత్తు చేతికే ఇచ్చేశాడు.

ఈ కథ చదివాక మా కాణిపాకం గుర్తు రాకుండా ఉండదు. చిత్తూరుకు దగ్గర్లో, బాహుదా నది ఒడ్డున, బావిలో వెలసిన వరసిద్ధి వినాయకుడు ఇక్కడ ప్రమాణాల దేవుడు. ఈ చుట్టుపక్కల ఎక్కడ తగువు వచ్చినా "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అన్న మాట వచ్చి తీరుతుంది. కోనేట్లో స్నానం చేసి, తడిబట్టలతో స్వామి ముందు నిలబడి అబద్ధం చెప్పడానికి ఎంతటివాడికైనా నోరు పెగలదు. నిందపడ్డ మనిషి తన మాట వినే చోటు కోసం వెతుక్కుంటూ వస్తాడు. చవితి చంద్రుడి వల్ల వచ్చే నిందకు, ఆ నిందను కడిగే కొలువుకు దేవుడు ఒక్కడే కావడం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

ఇక రెండో చవితి సంగతి. పౌర్ణమి వెళ్లిన నాలుగో రోజు బహుళ చవితి, సంకటహర చవితి. ఆ రోజు పద్ధతి పూర్తిగా తలకిందులు. పొద్దున్నే స్నానం చేసి, గుడ్డలో మూడు పిడికిళ్ల బియ్యం, ఖర్జూరం, వక్కలు, దక్షిణ పెట్టి ముడుపు కట్టి, రోజంతా ఉపవాసం ఉంటారు. చంద్రుణ్ణి చూడనిదే భోజనం లేదు. ఆయనేమో త్వరగా రాడు! రోజుకు ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యంగా ఉదయించేవాడు కాబట్టి ఆ రాత్రి ఎనిమిది దాటాల్సిందే, ఒక్కోసారి తొమ్మిది కూడా. తిరుపతిలో అయితే ఉత్తరాన తిరుమల కొండ నల్లగా నిలబడి ఉంటుంది, చంద్రుడు మాత్రం రేణిగుంట వైపు నుంచి లేస్తాడు. మిద్దె మీద రాగి చెంబులో నీళ్లు, పాలు, అక్షతలు పెట్టుకుని ఆడవాళ్లు తూర్పుకు తిరిగి నిలబడతారు. పక్క మిద్దె మీద నుంచి "కనిపించాడా అక్కా?" అని కేక. మొదట ఇళ్ల వెనక ఎర్రటి ముద్దలా మొదలై, కాస్త ఎత్తుకు వచ్చాక తెల్లబడతాడు. ఒకవైపు కొద్దిగా తరిగి ఉంటాడు. అర్ఘ్యం వదిలి అప్పుడు కిందికి దిగుతారు. మబ్బు పట్టిన రోజు పంచాంగంలో చంద్రోదయ సమయం చూసుకుని తూర్పుకే తిరిగి అర్ఘ్యం ఇస్తారు.

ఒక చవితికి చూస్తే నింద, ఇంకో చవితికి చూస్తేనే ఉపవాస ఫలం. తిథి పేరు ఒకటే, చంద్రుడూ ఒకడే, స్వామీ ఒకరే. తేడా ఎక్కడుందంటే, చంద్రుడికి పార్వతమ్మ శాపం తగిలిన కారణంలో ఉందంటాను. కడుపు నిండా తిని, తల్లిదండ్రులకు వంగి మొక్కలేక ఇబ్బంది పడుతున్న వినాయకుణ్ణి చూసి చంద్రుడు నవ్వాడు. పైనుంచి చూసి, అవతలివాడి ఒళ్లు చూసి నవ్వాడు. చూపు తప్పు కాదు, ఆ చూపులోని వెటకారం తప్పు. దాన్ని దిద్దడానికి అమ్మవారు చంద్రుణ్ణి లోకం నుంచి తీసేయలేదు, దేవతలు వేడుకుంటే శాపాన్ని ఏడాదికి ఒక్క రోజుకు తగ్గించింది. ఇక శపించిన అమ్మవారి కొడుకు ఏం చేశాడో మనం రోజూ చదివే షోడశ నామాల్లోనే ఉంది, "ఫాలచంద్రో గజాననః" అని. తనను చూసి నవ్వినవాడిని తన నుదుటి మీద పెట్టుకున్నాడు.

అందుకే పిల్లల్ని ఊరికే "చూడొద్దు" అని భయపెట్టి వదిలేయకండి. పూజ ముగియగానే కథంతా చెప్పండి, శ్లోకం నేర్పండి, అక్షతలు తలమీద వేసుకోమనండి. వీలైతే కాణిపాకం తీసుకెళ్లండి. వినాయక చవితితో మొదలయ్యే అక్కడి ఉత్సవాలు 21 రోజులు జరుగుతాయి. శుద్ధ చవితి నుంచి బహుళ చవితికి పక్షం రోజులే కాబట్టి చూడకూడని చంద్రుడు, చూడాల్సిన చంద్రుడు ఇద్దరూ ఆ ఉత్సవాల లోపలే వస్తారు. ఆ రెండో చవితి రాత్రి చిత్తూరు బస్సు కాస్త ఆలస్యంగా ఎక్కినా ఫరవాలేదు, పిల్లలకు చంద్రోదయం చూపించే బయల్దేరండి.