మక్పేలా దాకా

మా టూర్ ప్రోగ్రాం బైబిలుకు ఎదురు నడిచింది. మోషే సీనాయి దగ్గర నిబంధన, అంటే దేవుడు తన జనంతో చేసిన ఒడంబడిక, తీసుకుని, ఎడారి అంతా తిరిగి, చివరికి నెబో కొండ మీద ఆగిపోయాడు. మేము అమ్మాన్‌లో విమానం దిగి ముందు నెబో ఎక్కాం. సీనాయి చివరికి మిగిలింది. యొర్దాను, ఇశ్రాయేలు, ఐగుప్తు కలిపి తిప్పే టూర్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. సండే స్కూల్లో నోవహు, అబ్రాహాము, మోషే, దావీదు, క్రీస్తు అని నిబంధనలను వరుసగా బోర్డు మీద రాసి చెప్పే అలవాటు నాది. ఈ తలకిందుల వరుస మొదట్లో చికాకు పెట్టింది. తర్వాత తర్వాత అదే నచ్చింది.

2019 చివర్లో వెళ్లాం. ఒంగోలు, చీరాల, కందుకూరు వైపు సంఘాలవాళ్లం, ఒక పాస్టరుగారు, వారి అమ్మగారు. కొందరికి యెరూషలేము యాత్రకు ప్రభుత్వం ఇచ్చే సాయం అందింది, మిగతావాళ్లం చేతి డబ్బుతో వచ్చాం. మాలో కొత్తపట్నం అక్క ఒకావిడ వాగ్దానాల పెట్టె వెంట తెచ్చుకుంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పంచే వాగ్దానపు కార్డు మనకందరికీ తెలిసిందే. అక్కకు ఏడాదికి ఒకటి చాలదు. రోజూ పొద్దున బస్సు కదలగానే పెట్టె సీటు సీటుకీ తిరగాల్సిందే, తలా ఒక కార్డు తీయాల్సిందే. నాకు ఆ పెట్టె మీద మొదటినుంచీ కొంచెం కోపమే. వచనాన్ని దాని అధ్యాయం నుంచి ఊడబీకి చేతిలో పెడితే అది ఎవరికి, ఎప్పుడు, ఏ నిబంధన కింద ఇచ్చిన మాటో తెలియదు. పాస్టరుగారికి ఆ బాధ లేదు. "దేవుడు ఒక్క వచనంతో కూడా మాట్లాడతాడు టీచరమ్మా" అనేవారు.

నెబో మీద ఫ్రాన్సిస్కన్ సన్యాసులు కాపాడుతున్న పాత చర్చి ఉంది, లోపల నేల మీద రంగురాళ్లు పేర్చి చేసిన బొమ్మలు. బయట స్తంభానికి చుట్టుకున్న ఇత్తడి సర్పం శిల్పం. అందరూ దాని ముందు ఫొటోలకు ఎగబడ్డారు. నేను అంచు దాకా వెళ్లి చూశాను. మంచులో మృత సముద్రం మసగ్గా, యెరికో వైపు పచ్చటి మచ్చ ఒకటి. ద్వితీయోపదేశకాండం ముప్పై నాలుగో అధ్యాయం అక్కడే చదివాం. మోషేకి నూట ఇరవై ఏళ్లు, కంటి చూపు తగ్గలేదు. దేవుడు దేశమంతా చూపించి, నువ్వు మాత్రం నది దాటవు అన్నాడు. ఐగుప్తు నుంచి జనాన్ని తెచ్చినవాడికి వాగ్దానం అందినది చూపు మేరకే. మేము మర్నాడు పాస్‌పోర్టులు చూపించి దాటిపోయాం.

ఒంగోలు మనిషిని కాబట్టి కొండ మీద నిలబడి మైదానం చూడటం అంటే నాకు ప్రార్థన కొండే గుర్తొస్తుంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికా మిషనరీ లైమన్ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి, కింద ఊళ్లను చూస్తూ ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. అప్పటికి నెల్లూరు మిషనును మూసేద్దామా అని అమెరికాలో చర్చలు నడుస్తున్నాయి. వాళ్లు అడిగిన ఆ సేవకుడు, జాన్ క్లౌ దొరగారు, ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో. ధాత నామ సంవత్సరంలో మొదలైన పెద్ద కరువు తర్వాత, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. జ్యూయెట్ గారు అది బతికుండగానే చూశారు, మోషేకి దక్కనిది ఆయనకు దక్కింది. కానీ ఆ పొద్దున కొండ మీద ఉన్నవాళ్ల చేతికి అందింది మాత్రం ఏమీ లేదు.

సరిహద్దు వంతెన గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. క్యూలు, ప్రశ్నలు, మళ్లీ క్యూలు.

బేత్లెహేములో దిగాం. అక్కడి గైడు పాలస్తీనా క్రైస్తవుడు. మా బస్సులో ఒకాయన ఇశ్రాయేలు జెండా ఉన్న టోపీ పెట్టుకుని, "1948లో ఇశ్రాయేలు దేశం ఏర్పడటంతో ప్రవచనం నెరవేరింది, అబ్రాహాముకిచ్చిన దేశం వాళ్లకు తిరిగి వచ్చేసింది" అని మైకులో చెబుతుంటే గైడుకు భాష అర్థం కాకపోయినా టోపీ అర్థమైంది. భోజనాల దగ్గర నాతో మెల్లగా అన్నాడు, "పెంతెకొస్తు నాడు పేతురు ప్రసంగం విన్నవాళ్ల జాబితాలో అరబీయులు కూడా ఉన్నారు కదమ్మా, చూసుకోండి." అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో ఉన్నారు. నేను పిల్లలకు ఆ జాబితా కంఠతా చెప్పించినదాన్నే.

హెబ్రోను ప్రోగ్రాంలో లేదు. విడిగా డబ్బు కట్టి వెళ్లాలి, పైగా అక్కడ గొడవలని టీవీలో చూసి టెన్షన్ పడి సగం మంది హోటల్లోనే ఉండిపోయారు. నాకు మాత్రం యెరూషలేము చూడకపోయినా ఫర్వాలేదు గానీ హెబ్రోనులోని మక్పేలా గుహ, అబ్రాహాము కుటుంబపు సమాధి, చూడాలని ఉంది. ఎందుకో కొంచెం చెప్పాలి.

మా తాతలకు సెంటు భూమి లేదు. చెప్పులు కుట్టినవాళ్లు, మోట బొక్కెనలు కుట్టినవాళ్లు. బాప్తిస్మం తీసుకున్నాక ఊళ్లో మొదట వచ్చిన తగాదా గుడి గురించి కాదు, శవం ఎక్కడ పూడ్చాలన్నదాని గురించి. ఇక్కడ వద్దు, అక్కడ వద్దు అన్నారు. వాగు పక్కన పోరంబోకులో పూడిస్తే వరదకి సమాధులు కొట్టుకుపోయేవట. చివరికి ఇంటింటికీ కూలి డబ్బులు వేసుకుని ఒక చెక్క కొన్నారు. మా సంఘం పేరు మీద ఉన్న మొదటి ఆస్తి గుడి స్థలం కాదు, సమాధుల తోట. ఇలాంటి కథ మన జిల్లాల్లో చాలా పల్లెలకు ఉంటుంది.

ఆదికాండం ఇరవై మూడో అధ్యాయం ఈ కళ్లతో చదివితే వేరేలా ఉంటుంది. ఈ దేశమంతా నీకూ నీ సంతానానికీ ఇస్తానని దేవుడు అబ్రాహాముకు మాటిచ్చాడు. ఏళ్లు గడిచాయి. భార్య శారా చనిపోయింది. పూడ్చడానికి చోటు లేదు. అతను ఆ ఊరివాళ్లైన హేతు కుమారుల ముందు నిలబడి, నేను మీ మధ్య పరదేశిని, ఒక శ్మశానం ఇప్పించండి అని సాగిలపడి అడుగుతున్నాడు. పొలం యజమాని ఎఫ్రోను ముందు ఊరికే తీసుకోమంటాడు. తర్వాత, నాలుగు వందల తులాల వెండి చేస్తుంది, మనిద్దరికీ అదొక లెక్కా అంటాడు. అబ్రాహాము బేరం ఆడలేదు, సాక్షుల ముందు తూచి ఇచ్చాడు. రిజిస్ట్రేషన్ కాగితంలో రాసినట్టే పొలం, గుహ, హద్దుల్లో ఉన్న చెట్లు అన్నీ ఆ అధ్యాయంలో రాసి ఉన్నాయి. వాగ్దాన దేశంలో అబ్రాహాము డబ్బు పెట్టి సొంతం చేసుకున్నట్టు ఆదికాండం చెప్పే నేల అదొక్కటే, అదీ సమాధి కోసం, అదీ పూర్తి ధరకు.

ఆ గుహ మీద హేరోదు రాజు కట్టించిన పెద్ద పెద్ద రాళ్ల ప్రాకారం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. లోపల ఒక భాగం మసీదు, ఇంకో భాగం యూదుల ప్రార్థనాస్థలం. 1994లో ఒక యూదు తీవ్రవాది నమాజు చేస్తున్న 29 మందిని కాల్చి చంపాక భవనాన్ని అలా విడదీశారు. అంతకు ముందు, 1929లో ఇదే ఊళ్లో 67 మంది యూదులను చంపారు. ఇనుప గేట్లు, సైనికులు, పాస్‌పోర్టుల తనిఖీ. మసీదు వైపు ఆడవాళ్లకు టోపీ ఉన్న పొడుగాటి అంగీలు ఇచ్చారు. ఇస్సాకు రిబ్కాల గుర్తు సమాధులు అటు, యాకోబు లేయాలవి ఇటు. అబ్రాహాముది మధ్యలో, రెండు వైపుల నుంచీ కిటికీ ఊచల గుండా కనిపిస్తుంది. అసలు గుహ కిందెక్కడో ఉంది, యాత్రికులను పోనివ్వరు.

ఒక వైపు నుంచి చూసి, చుట్టూ తిరిగి రెండో వైపు నుంచి చూశాను. ఆదికాండం ఇరవై ఐదులో ఒక చిన్న వచనం ఉంది: అబ్రాహామును అతని కొడుకులు, యూదులు తమ మూలపురుషుడనే ఇస్సాకు, అరబ్బులు తమ మూలపురుషుడనే ఇష్మాయేలు, ఇద్దరూ కలిసి పాతిపెట్టారు. మా పాస్టరుగారు దాన్ని అక్కడ చదివి ఇంకేమీ చెప్పకుండా బైబిలు మూసేశారు. ఆయన ప్రసంగాలన్నిటిలో నాకు నచ్చింది అదే.

ఆదికాండం పదిహేనో అధ్యాయం నేను చదివాను. పెయ్యను, మేకను, పొట్టేలును రెండేసి ముక్కలుగా ఖండించి ఎదురెదురుగా పెట్టారు. ఆ కాలంలో ఒడంబడిక చేసుకునేవాళ్లు ఆ ముక్కల మధ్య నడిచేవారు, మాట తప్పితే నాకూ ఈ గతే పట్టాలని. యిర్మీయా ముప్పై నాలుగులో ఆ ఆచారం కనిపిస్తుంది. కానీ ఆ రాత్రి అబ్రాహాముకు గాఢనిద్ర పట్టింది. రాజుకుంటున్న పొయ్యి, మండే జ్వాల మాత్రమే ముక్కల మధ్య దాటిపోయాయి. అబ్రాహాము నడవలేదు. మాట తప్పితే వచ్చే శిక్షంతా దేవుడు తన మీదే వేసుకున్నాడు. నాకైతే సిలువ మొదలైంది అక్కడే అనిపిస్తుంది. ఆ అధ్యాయంలోనే, నీ సంతానం నాలుగు వందల ఏళ్లు పరాయి దేశంలో బాధపడుతుందని కూడా దేవుడు ముందే చెప్పేశాడు. వాగ్దానపు పెట్టెలో ఆ కార్డు మాత్రం నాకెప్పుడూ తగల్లేదు.

తిరుగు దారిలో టోపీ పెట్టుకున్న ఆయనకూ నాకూ వాదన జరిగింది. యూదులను దేవుడు వదిలేశాడని నేను అనను. దేవుడు తన పిలుపు విషయంలో పశ్చాత్తాపపడడని రోమా పదకొండులో పౌలు గట్టిగా చెప్పాడు. కానీ అదే పౌలు రోమా నాలుగులో అబ్రాహాము "లోకమునకు" వారసుడని రాశాడు, కనాను దగ్గర ఆగలేదు. క్రీస్తుకు చెందినవాళ్లు అబ్రాహాము సంతానమని, వాగ్దానం ప్రకారం వారసులని గలతీయులకు రాశాడు. చెప్పులు కుట్టిన మా తాత ఆ వాక్యంలో ఉన్నాడు. బేత్లెహేము గైడూ ఉన్నాడు. అలాంటి వాక్యాన్ని ఒక ప్రభుత్వపు సరిహద్దు గీతకు సర్టిఫికెట్‌గా వాడుకోవడం నాకు చిన్నతనంగా కనిపిస్తుంది. ఆయన ఒప్పుకోలేదు. టోపీ కూడా తీయలేదు.

యెరూషలేములో అందరూ చూసేవే చూశాం. నేను ఎక్కువసేపు ఉన్నది సీయోను కొండ మీద ఒక పాత భవనంలో. కింద దావీదు సమాధి అని చెప్పే గది, పైన యేసు శిష్యులతో చివరి భోజనం చేశాడని చెప్పే మేడగది. ఇప్పుడున్న మేడగది క్రూసేడర్ల కాలపు కట్టడం, తర్వాత తురుష్కులు మసీదు చేశారు, గోడలో మిహ్రాబు, అంటే మక్కా దిక్కు చూపే గూడు, ఇంకా ఉంది. నీ సింహాసనం నిత్యమూ నిలుస్తుందని దావీదుకు చేసిన నిబంధన కింది అంతస్తులో, "నా రక్తము వలననైన క్రొత్త నిబంధన" అన్న మాట పై అంతస్తులో. చరిత్రకారులు ఈ చోటు అదేనా అని వాదించుకోవచ్చు. ఆ రెండింటి మధ్య ఉన్న మెట్లు మాత్రం నాకు బాగా పనికొచ్చాయి. ఎందుకంటే ఆ మధ్య కాలంలో బబులోనువాళ్లు వచ్చి రాజ్యాన్ని కూల్చేశారు, సింహాసనం ఖాళీ అయింది. నీ సేవకుని నిబంధన నీకు అసహ్యమైపోయిందని ఎనభై తొమ్మిదో కీర్తన దేవుణ్ణి నిలదీస్తుంది. వాగ్దానం పట్టుకుని దేవుడితో పోట్లాడే కీర్తన అది. మన సంఘాల్లో దాని మొదటి సగమే పాడతాం. ఆ కూలిపోయే రోజుల్లోనే యిర్మీయా కొత్త నిబంధన గురించి రాశాడు, పట్టణం ముట్టడిలో ఉండగా అనాతోతులో పొలం కూడా కొన్నాడు, పదిహేడు తులాల వెండికి.

మేడగదిలో ప్రభురాత్రి భోజనం చేసే వీలు దొరకలేదు. యేసును ఉంచింది ఇక్కడేనని కొందరు నమ్మే తోట సమాధి దగ్గర ఒలీవ చెక్కతో చేసిన చిన్న గిన్నెల్లో తీసుకున్నాం. కొత్తపట్నం అక్క ఆ గిన్నెను కొంగుకు ముడేసుకుంది.

సీనాయి ఎక్కడం రాత్రి ఒంటిగంట దాటాక మొదలు. చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి. మోకాళ్లు నొప్పి ఉన్నవాళ్లు ఒంటెలెక్కారు, అయినా చివర్లో మెట్లు తప్పవు. అసలు సీనాయి ఇదేనా అని పండితులు తర్జనభర్జన పడతారు గానీ నాలుగో శతాబ్దం నుంచీ క్రైస్తవులు ఈ కొండకే వస్తున్నారు. 2,285 మీటర్ల ఎత్తున సూర్యుడు వచ్చేసరికి చుట్టూ ఎర్రటి రాయి తప్ప గడ్డిపోచ కూడా లేదు. యెహోవా చెప్పినవన్నీ చేస్తామని జనం ఒక్క గొంతుతో అన్నది ఈ కొండ కిందే. మోషే పైనుండగానే పూజించడానికి బంగారు దూడను చేసుకున్నదీ ఈ కొండ కిందే. హెబ్రోనులో దేవుడొక్కడే నడిచిన నిబంధన, ఇక్కడ జనం మాటిచ్చి తప్పిన నిబంధన. ముందు హెబ్రోను చూసి తర్వాత ఇది చూడటం వల్ల నాకు భయం తగ్గింది.

కైరోకు వెళ్లే బస్సులో పెట్టె మళ్లీ బయటికొచ్చింది. ఈసారి అక్క తన పాత కార్డే తీసి చూపించింది, యిర్మీయా 29:11. సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావన్న మాట. "మావాడి కెనడా వీసా కోసం అడిగితే బేత్లెహేములో వచ్చింది టీచరమ్మా."

"దానికి ముందు వచనం చదువక్కా" అన్నాను.

కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. బబులోనులో డెబ్బై ఏళ్లు గడిచాకే తిరిగి రప్పిస్తానని ఉంది. "డెబ్బై ఏళ్లా? నాకిప్పటికే అరవై రెండు!" బస్సంతా నవ్వులు.

పాస్టరుగారు అక్క పక్షం వచ్చారు. దేవుని వాగ్దానాలు ఎన్నైనా అన్నీ క్రీస్తునందు అవును అన్నట్టే ఉన్నాయని పౌలు కొరింథీయులకు రాసిన మాట గుర్తుచేశారు. నిజమే, అందుకే ఆ కార్డు అక్కదీ అవుతుంది అన్నాను. కానీ దానిలో ఉన్నది తన ప్రజలను దేవుడు విడిచిపెట్టడన్న మాట. వీసా సంగతి యిర్మీయా రాయలేదు. దానికోసం ప్రార్థన చేద్దాం. రాకపోతే మాత్రం దేవుడు మాట తప్పాడని అనొద్దు అన్నాను.

అక్క వినీ విననట్టు పైవచనాలు చదువుకుంటూ పోయింది. ఇళ్లు కట్టుకోమని, తోటలు నాటుకోమని, మీరున్న పట్టణం క్షేమం కోరమని ఏడో వచనం దాకా వెళ్లి తలెత్తింది. "అంటే మావాడు ఒంగోల్లోనే ఉండాలనా?"

పాస్టరుగారు పగలబడి నవ్వారు. బస్సు అప్పటికి సూయజ్ కాలువ కింది సొరంగం దగ్గరికి వచ్చింది. కైరో చేరేదాకా ఆ ప్రశ్నకు తలా ఒక జవాబు చెబుతూనే ఉన్నారు, టోపీ ఆయన కూడా.