సబాకి వీల్‌చైర్ వచ్చింది

బుధవారం, జెరూసలేం

నేను ఇక్కడ చూసుకునే పెద్దాయన్ని సబా అంటాను, హీబ్రూలో తాత అని. మొన్నటిదాకా వీల్‌చైర్ మాటెత్తితే సబా అగ్గిమీద గుగ్గిలం అయ్యేవారు. పోయిన వారం బాత్రూం గుమ్మం దగ్గర తూలిపడబోయారు. ఆయన కూతురు ఇక ఊరుకోలేదు. పొద్దున్నే వచ్చి ఆయన దగ్గర తను కూర్చుని నన్ను పంపింది. తుంటి ఆపరేషన్ అప్పుడు తెచ్చిన చంకకర్రలు తిరిగి ఇచ్చేయాలి, వీల్‌చైర్, స్నానం చేయించే కుర్చీ తేవాలి. ట్రామ్ ఎక్కి హెర్జల్ బులవార్డ్ వైపు వెళ్లాను, ఇలాంటి వస్తువులు వాడుకోవడానికి ఇచ్చే యాద్ సారా అనే సంస్థకి.

ఇక్కడ కేర్‌గివర్ పనిలో ఉన్న మనవాళ్లందరికీ ఈ చోటు తెలుసు. 1976లో ఊరీ లుపోలియాన్‌స్కీ అనే టీచర్, తన బిడ్డకి ఒంట్లో బాగాలేకపోతే పక్కింట్లోంచి ఆవిరి పట్టే మెషిన్ అడిగి తెచ్చుకున్నాడట. తర్వాత అలాంటివి కొన్ని తనే కొని, అడిగినవాళ్లకి వాడుకోమని ఇవ్వడం మొదలుపెట్టాడు. అదే ఇంత పెద్ద సంస్థ అయింది. ఆయన 2003లో ఈ ఊరికి మేయర్ కూడా అయ్యాడు. పద్ధతి మాత్రం మారలేదు. డిపాజిట్ కట్టి వస్తువు తీసుకెళ్లడం, పనయ్యాక తెచ్చిస్తే డబ్బు వెనక్కి తీసుకోవడం.

కౌంటర్‌లో రిటైరైన పెద్దాయన, వాలంటీర్. రోగం ఏమిటని అడగలేదు. "మీ బాత్రూం తలుపు వెడల్పెంత?" అన్నాడు. కూతురికి ఫోన్ చేసి టేపుతో కొలిపించాను. ఆయన స్పానర్ తీసుకుని పాదాలు పెట్టుకునే పలకలు సరిచేసి, బ్రేకులు నాతో నాలుగుసార్లు వేయించి చూశాడు. నా వెనక పెద్ద నల్లటోపీ పెట్టుకున్న మతనిష్ఠ ఉన్న యూదుడు ఒకాయన, ఆయన వెనక హిజాబ్ కట్టుకున్న అరబ్ ఆవిడ. ఆ క్యూలో ఎవరి మొహంలోనూ చిన్నతనం కనపడలేదు. నాకు నచ్చేది ఇదే. దానం తీసుకోవాలంటే తల వంచాలి, తిరిగి ఇచ్చేసే వస్తువుకి ఆ బాధ లేదు. ఈ ఊళ్లో ఇళ్లల్లో నడిచే గెమాఖ్‌లూ, అంటే వస్తువులు ఊరికే వాడుకోమని ఇచ్చే చోట్లూ, అంతే. పెళ్లి గౌను దగ్గర్నుంచి పసిపిల్లల నోటిపీక దాకా ఎవరో ఒకరి ఇంట్లో దొరుకుతుంది.

అయినా సబా లాంటి మనిషికి తీసుకోవడమంటేనే కష్టం. 1951లో బాగ్దాద్ నుంచి వచ్చేసిన కుటుంబం. చిన్నప్పుడు గుడారాల్లో పెరిగారు, ఒకరిని చెయ్యి చాచి అడిగింది లేదంటారు. బితువాఖ్ లెఉమి, అంటే ఇక్కడి జాతీయ బీమా, వాళ్ల మనిషి ఆయన్ని చూడటానికి వచ్చిన రోజు నాకింకా నవ్వొస్తుంది. మనిషి తనంతట తాను బట్టలు వేసుకోగలడా, తినగలడా, స్నానం చేయగలడా, ఇంట్లో తిరగగలడా అని చూసి, దాన్నిబట్టి ఎన్ని గంటల సాయమో తేలుస్తారు. 1986లో చేసిన చట్టం అది. రోజూ నేను పెట్టే చొక్కా గుండీలు ఆ రోజు సబా పళ్లు బిగబట్టి తనే పెట్టుకున్నారు! కూతురు నెత్తి కొట్టుకుంది. ఆ గంటల్లో కొన్ని ఇప్పుడు పెద్దవాళ్లు పగలు గడిపే డే సెంటర్‌కి వాడుతున్నాం. అక్కడ ఆయన తన ఈడువాళ్లతో అరబీలో పోట్లాడుకుంటారు, మంచి మందు.

ఒకసారి ఆ సెంటర్ సోషల్ వర్కర్ కుటుంబాలవాళ్లకి మీటింగ్ పెట్టి నన్నూ కూర్చోమంది. అందరూ అలసట గురించే మాట్లాడారు. మా పైఇంటావిడ కూడా ఇదే అంటుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న వాళ్ల పాప షల్వాకి, అంటే వైకల్యం ఉన్న పిల్లల కేంద్రానికి, వెళ్లొచ్చే ఆ కొన్ని గంటలే తనకి ఊపిరట. షల్వా పుట్టిందే అందుకు. చూపు, వినికిడి రెండూ పోయిన కొడుకుని పెంచిన శామ్యూల్స్ దంపతులు 1990లో పెట్టారు. నా అలసట సంగతి? వారంలో ఒక సెలవు. శనివారం బస్సులు ఉండవు, కాబట్టి ఆర్మూర్ వైపు కుర్రాళ్లం నలుగురం ఎవరో ఒకరి గదిలో చేరి వండుకుంటాం. మీటింగ్‌లో ఇదంతా చెప్పలేదు, చెప్పాల్సిందేమో.

మధ్యాహ్నం కుర్చీ హాల్లో పెట్టగానే సబా దాని చుట్టూ తిరిగి చూశారు. "హబీబీ, నువ్వు కూర్చో" అన్నారు. కూర్చున్నాను. వెనక పిడులు పట్టుకుని నన్ను వంటింటి దాకా తోశారు, వాకర్ కంటే ఇదే మేలట. వంటింట్లో నా మామిడికాయ పచ్చడి సీసా మూత తీసి, వాళ్ల మామిడి పచ్చడి అంబాతో పోలిస్తే ఉప్పెక్కువ అంటూనే రొట్టెకి రాసుకున్నారు. ఆ అంబా మన దేశం నుంచి బాగ్దాద్‌కి వెళ్లిందే అని నేనంటే ఒప్పుకోరు. సాయంత్రం మందులు వేసుకున్నాక, ఎవరూ అడక్కుండానే కుర్చీలో కూర్చుని బాల్కనీకి పదమన్నారు.

రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను. నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు కొన్న వీల్‌చైర్ పసుపు బస్తాల వెనక పడి ఉంది. "ఎవరికన్నా ఇవ్వరా" అంటే, "పోయినోళ్ల వస్తువు ఎవరు తీస్కుంటరన్నా" అన్నాడు. ఆశ వర్కర్‌ని అడిగి చూడమన్నాను, ఇచ్చేయొద్దు, వాడుకుని తెచ్చివ్వమని చెప్పమన్నాను. ముందు టైర్లకి గాలి కొట్టించాలట, ఆదివారం చూస్తానన్నాడు.