హైబ్రిడ్ కారు మైలేజీ: ఊళ్లో ఒక లెక్క, హైవే మీద ఇంకో లెక్క

చిన్న హైబ్రిడ్ కారు కొనాలనుకునేవాళ్లు నన్ను మొట్టమొదట అడిగేది మైలేజీ గురించే. నెల్లూరులో నేను నడుపుతున్నది టొయోటా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్. ఒంగోలులో ఉండే మా బావగారిది హోండా సిటీ హైబ్రిడ్. పండగలకూ పెళ్లిళ్లకూ కలిసినప్పుడల్లా కార్లు మార్చుకుని నడపడం మాకు అలవాటైపోయింది కనుక, రెండింటినీ ఒకే రోడ్ల మీద పోల్చి చూసే వీలు నాకు చిక్కింది. కంపెనీ లెక్క ప్రకారం హైరైడర్ లీటరుకు 27.97 కిలోమీటర్లు ఇస్తుంది. సిటీ హైబ్రిడ్ 2022లో విడుదలైనప్పుడు ప్రకటించిన అంకె 26.5. ఈ రెండు అంకెల మధ్య తేడాను పట్టుకుని కారు ఎంచుకోవడం వృథా అని నా అభిప్రాయం, ఎందుకంటే కారు ఎక్కువగా ఏ రోడ్డు మీద తిరుగుతుందో దాన్ని బట్టే పెట్రోలు ఖర్చు తేలుతుంది.

షోరూముల్లో హైబ్రిడ్ పేరుతో రెండు రకాల కార్లు అమ్ముతున్నారన్న సంగతి ముందుగా తెలుసుకోవాలి. హైరైడర్‌లోనూ, దాని తోబుట్టువైన మారుతి గ్రాండ్ విటారాలోనూ తక్కువ ధరకు దొరికే మైల్డ్ హైబ్రిడ్‌లో ఉండే చిన్న మోటారు ఇంజనుకు కాస్త చేయూతనిస్తుందే తప్ప తానొక్కటే కారును లాగలేదు. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో అయితే ఇంజను పూర్తిగా ఆగిపోయి, బ్యాటరీ మీదే కారు కొంతదూరం నడుస్తుంది. నేను ఇక్కడ మాట్లాడుతున్నది ఈ రెండో రకం గురించే. గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ కూడా బిడదిలోని టొయోటా ఫ్యాక్టరీలోనే, అదే ఇంజను, అదే బ్యాటరీతో తయారవుతుంది కాబట్టి హైరైడర్ గురించి చెప్పేది దానికీ వర్తిస్తుంది.

రెండు కార్లలోనూ ఉన్నది 1.5 లీటర్ల పెట్రోలు ఇంజనే అయినా, లోపల పని జరిగే తీరు మాత్రం పూర్తిగా వేరు. హైరైడర్‌లో మూడు సిలిండర్ల ఇంజను, 80 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి శక్తి కొలత) మోటారు, ఒక జనరేటరు, ఈ మూడూ ఒకే గేరు చట్రానికి కలిసి ఉంటాయి; ఎప్పుడు ఎవరు ఎంత భారం మోయాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఇంజనూ మోటారూ కలిస్తే వచ్చే శక్తి సుమారు 116 పీఎస్. హోండాలో నాలుగు సిలిండర్ల ఇంజను ఊళ్లో తిరిగేటప్పుడు చక్రాల జోలికి పోదు. అది జనరేటరును తిప్పి కరెంటు పుట్టిస్తే, ఆ కరెంటుతో 109 పీఎస్ మోటారు కారును నడుపుతుంది. హైవే మీద నిలకడైన వేగం అందుకున్నాక మాత్రమే ఒక క్లచ్ పడి ఇంజను నేరుగా చక్రాలకు కలుస్తుంది. హోండా మోటారు టార్కు, అంటే తిప్పే బలం, 253 న్యూటన్ మీటర్లు, హైరైడర్ మోటారుది 141. ఈ తేడా కాగితం మీద కన్నా రోడ్డు మీద ఎక్కువగా తెలుస్తుంది.

నెల్లూరు ట్రాఫిక్‌లో రెండు కార్లూ తమ ధర ఎందుకంత ఉందో చూపిస్తాయి. గాంధీబొమ్మ నుంచి వీఆర్సీ సెంటరు దాకా ట్రంకు రోడ్డు మీద సాయంత్రం పూట కారు నడవదు, పాకుతుంది. రైలు కట్ట ఊరిని రెండుగా చీల్చడం వల్ల అండర్‌బ్రిడ్జిల దగ్గర ఆటోలూ మోటారు సైకిళ్లూ ముక్కు దూర్చి నిలబడిపోతాయి. మామూలు కారు అక్కడ ఊరికే పెట్రోలు తాగుతూ ఉంటుంది. హైరైడర్ ఇంజను ఆగిపోయి ఉంటుంది, ముందుకు నాలుగడుగులు జరిగినా మోటారు మీదే జరుగుతుంది, బ్రేకు వేసినప్పుడల్లా కొంత కరెంటు బ్యాటరీలోకి తిరిగి చేరుతుంది. అందుకే ఊళ్లో నాకు లీటరుకు 23 నుంచి 25 కిలోమీటర్లు వస్తున్నాయి. సిటీ కూడా ఇంచుమించు అంతే ఇస్తుంది.

ఎండాకాలంలో దీనికొక కొసరు ఉంది, దాని గురించి సేల్స్‌వాళ్లు ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. మైల్డ్ హైబ్రిడ్‌లో ఏసీ కంప్రెసరును ఇంజను బెల్టే తిప్పుతుంది కాబట్టి సిగ్నల్ దగ్గర ఇంజను ఆగితే కాసేపటికి వేడిగాలి మొదలవుతుంది. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో కంప్రెసరు కరెంటుతో నడుస్తుంది కనుక ఇంజను ఆగినా చల్లదనం ఆగదు. అయితే బ్యాటరీ చాలా చిన్నది, హైరైడర్‌లో 0.76 కిలోవాట్ అవర్ మాత్రమే. రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఏసీ పూర్తిగా పెట్టుకుని కదలకుండా నిలబడితే, స్క్రీను మీద బ్యాటరీ గీతలు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చి, చివరి రెండు గీతలు మిగిలేసరికి ఇంజను దానంతటదే లేచి, సన్నగా గరగరమంటూ ఛార్జింగు చేసి, మళ్లీ నోరు మూసుకుంటుంది. మే నెలలో నా మైలేజీ రెండు మూడు కిలోమీటర్లు పడిపోవడానికి కారణం ఇదే.

హైవే మీద కథ మారుతుంది. నెల్లూరు నుంచి కావలి, సింగరాయకొండ మీదుగా ఒంగోలు వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి తిన్నగా, బల్లపరుపుగా ఉంటుంది. బ్రేకు మీద కాలు పెట్టే అవసరమే తక్కువ, కాబట్టి బ్యాటరీలోకి తిరిగి చేరే కరెంటూ తక్కువే. 80 దగ్గర నిలకడగా వెళ్తే హైరైడర్ 24 దాకా ఇస్తుంది, 110 దాటితే 19కి దిగుతుంది. ఎత్తుగా ఉండే ఎస్‌యూవీకి గాలితో పోట్లాట తప్పదు. లారీల వరుసను ఒక్క ఊపులో దాటాలని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మూడు సిలిండర్ల ఇంజను పెద్దగా అరుస్తుంది కానీ వేగం ఆ అరుపుకు తగ్గట్టుగా పెరగదు. బావగారి సిటీ ఇక్కడ నా కారును వెనక్కి నెట్టేస్తుంది. తొక్కిన వెంటనే మోటారు లాగుతుంది, నేలకు దగ్గరగా ఉండే సెడాన్ కాబట్టి అదే వేగంలో రెండు కిలోమీటర్లు ఎక్కువే ఇస్తుంది, వెనక సీటులో కూర్చున్న పెద్దవాళ్లకు కుదుపు తెలియదు. వారం వారం చెన్నై వెళ్లి వచ్చేవాళ్లకు నేను సిటీనే చెబుతాను.

దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు ఎక్కేటప్పుడు రెండు కార్లకూ మైలేజీ పడిపోతుంది, దిగేటప్పుడు అందులో కొంతే తిరిగి వస్తుంది. కారణం మళ్లీ ఆ చిన్న బ్యాటరీయే. పొడవైన దిగుడులో అది త్వరగానే నిండిపోతుంది, ఆ తర్వాత పుట్టే కరెంటుకు చోటు ఉండదు. హైరైడర్ గేరు లివరును బీ స్థానంలోకి వేస్తే, బ్యాటరీ నిండాక పెట్రోలు కాల్చకుండానే ఇంజనును తిప్పి కారును పట్టి ఆపుతుంది. మొదటిసారి ఆ చప్పుడు విన్నవాళ్లు ఏదో పాడైందని కంగారు పడతారు, పడనక్కర్లేదు. సిటీలో స్టీరింగు వెనక ఉన్న రెండు రెక్కలతో ఆ పట్టును ఎక్కువ తక్కువ చేసుకోవచ్చు, మలుపుల్లో అది ఎంతో హాయి.

ఉదయగిరి వైపు పల్లెల్లోకి వెళ్తే మాత్రం తీర్పు నా కారుకే. హైరైడర్ అడుగు నేలకు 210 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది, సిటీది 165. అడ్డగోలుగా పోసిన స్పీడు బ్రేకర్ల దగ్గర బావగారు కారును ఏటవాలుగా తిప్పి దాటించడం చూస్తే జాలేస్తుంది. డిక్కీ విషయంలో ఇద్దరం సమానంగా నష్టపోయాం. బ్యాటరీ రెండు కార్లలోనూ వెనకే ఉండి చోటు తినేసింది. మామూలు సిటీలో 506 లీటర్లు ఉండే డిక్కీకి హైబ్రిడ్‌లో బాగా కోత పడింది. నా దాంట్లో రెండు బియ్యం బస్తాలు పెట్టాక పెట్టెలు సీటు మీదికే రావాలి.

ఇక డబ్బు లెక్క. మైల్డ్ హైబ్రిడ్ ఆటోమేటిక్‌కూ స్ట్రాంగ్ హైబ్రిడ్‌కూ ధరలో తేడా రెండు లక్షలనుకుందాం, పెట్రోలు లీటరు 110 రూపాయలనుకుందాం. ఊళ్లో ఒకటి 15, ఇంకొకటి 24 ఇస్తే వెయ్యి కిలోమీటర్లకు 25 లీటర్లు, అంటే 2,750 రూపాయలు మిగులుతాయి. సుమారు 73 వేల కిలోమీటర్లకు తేడా తీరిపోతుంది. అదే హైవే మీద 17కూ 20కీ మధ్య తేడా అయితే మిగిలేది వెయ్యికి అటూ ఇటూ, తేడా తీరడానికి రెండు లక్షల కిలోమీటర్లు తిరగాలి. కరెంటు కార్లకు జీఎస్టీ 5 శాతమే ఉండగా, నాలుగు మీటర్లు దాటిన ఈ హైబ్రిడ్లకు 2025 సెప్టెంబరు 22 తర్వాత కూడా 40 శాతం ఉంది, అంతకు ముందు సెస్సుతో కలిపి 43. పెట్రోలు ఆదా చేసే కారు మీద ఇంత పన్ను వేయడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

బ్యాటరీ పోతే ఎలా అని అందరూ భయపడతారు. రెండు కంపెనీలూ దానికి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. మనవైపు నుంచి చూసుకోవలసింది గాలి దారి ఒక్కటే. ఈ బ్యాటరీ కారు లోపలి గాలితోనే చల్లబడుతుంది, ఆ గాలిని పీల్చే జాలీ వెనక సీటు దగ్గర ఉంటుంది. తువ్వాలో, దిండో, తిరునాళ్ల నుంచి తెచ్చిన సంచో దానికి అడ్డం పడితే బ్యాటరీ వేడెక్కుతుంది, మట్టి రోడ్ల దుమ్ము పేరుకున్నా అంతే. సర్వీసుకు ఇచ్చేటప్పుడు ఆ జాలీ శుభ్రం చేయమని నోటితో చెప్పడమే కాకుండా జాబ్ కార్డులో రాయించండి, కారు తిరిగి తీసుకునేటప్పుడు వంగి ఒకసారి చూసుకోండి.