కడుపుకి హిప్నోథెరపీ: కళ్లు మూసుకున్నాక ఏం జరుగుతుంది

హిప్నోథెరపీ అనగానే స్టేజీ మీద ఉల్లిపాయని ఆపిల్ అనుకుని కొరికే మనిషి గుర్తొస్తాడు చాలామందికి. ఆ తమాషా సంగతి వదిలేద్దాం. వైద్యంలో దీనికి మంచి ఆధారాలున్న చోటు ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్). పరీక్షలన్నీ నార్మల్ అని వస్తుంటాయి, కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాలో మలబద్ధకమో మాత్రం వదలవు. ఆ జబ్బు.

1984లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో డాక్టర్ పీటర్ వోర్‌వెల్ బృందం మందులకి లొంగని 30 మందిని తీసుకుంది. కొందరికి హిప్నోథెరపీ, మిగతావాళ్లకి మాటల చికిత్సతో పాటు ఉత్తుత్తి మాత్ర ఇచ్చింది. మొదటి గుంపు బాగా కోలుకుంది, రెండోదానిలో మార్పు కొద్దిగానే కనిపించింది. 2015లో అదే కేంద్రం 1000 మంది ఫలితాలు బయటపెట్టింది. 500కి లెక్కేసే తీవ్రత స్కోరు 76 శాతం మందికి కనీసం 50 తగ్గింది. 50 తగ్గితే జబ్బు పోయినట్టు కాదు, రోజు గడవడం తేలికైనట్టు. మిగతా నాలుగోవంతు మందికి ఆ మాత్రమూ దక్కలేదు. ఈ రెండో సంగతి ప్రకటనల్లో రాయరు.

ఎందుకు పనిచేస్తుంది? ఐబీఎస్‌ ఉన్న చాలామందిలో పేగులు మామూలుగా సాగినా, కదిలినా మెదడు దాన్ని నొప్పిగా తీసుకుంటుంది. 1997లో మాంట్రియల్‌లో ఒక ప్రయోగం చేశారు. హిప్నాసిస్‌లో ఉన్నవాళ్ల చేతిని 47 డిగ్రీల నీటిలో పెట్టించి, ఒకసారి బాధ ఎక్కువగా, ఒకసారి తక్కువగా అనిపించేలా సూచనలిచ్చారు. నీటి వేడి మారకపోయినా, బాధ తాలూకు చేదుని పట్టించుకునే మెదడు భాగంలో చురుకుదనం దానికి తగ్గట్టు మారింది. సూచన పట్టుకునేది ఆ చోటునే.

మొదటి సిట్టింగ్ చాలావరకు మాటలే. నొప్పి ఎక్కడ, తిన్న ఎంతసేపటికి, ఏం చేస్తే తగ్గుతుంది, దేనికి భయం, ఏ చోట హాయిగా ఉంటుంది. ఇవేవీ అడక్కుండా కళ్లు మూసుకోమనే థెరపిస్టు దగ్గర రెండోసారి కూర్చోనక్కర్లేదు.

తర్వాత ఇండక్షన్, అంటే హిప్నాసిస్‌లోకి దించడం. కళ్ల ఎత్తుకి కాస్త పైన గోడ మీద ఒక చుక్కని చూడమంటారు. ఇలా కళ్లకి పైన ఒకేచోట చూపు నిలపడం మాంచెస్టర్ సర్జన్ జేమ్స్ బ్రెయిడ్ 1840ల్లోనే వాడిన పద్ధతి. మెడ ఎత్తకుండా కళ్లు మాత్రమే పైకి తిప్పి చూస్తుంటే కాసేపటికి రెప్పలు వాటంతటవే బరువెక్కుతాయి. మాయేం లేదు, కండరాల అలుపు. సరిగ్గా అప్పుడే "రెప్పలు బరువెక్కుతున్నాయి" అంటాడు థెరపిస్టు. జరుగుతున్నదే చెబుతున్నాడు కాబట్టి ఆ తర్వాత చెప్పబోయేదీ నమ్మబుద్ధవుతుంది. ఊపిరి వదిలినప్పుడల్లా ఒక అంకె చొప్పున పది నుంచి ఒకటి దాకా దిగుతారు. బయటి ఆటో హారన్ వినిపిస్తూనే ఉంటుంది, కావాలంటే మధ్యలో లేచిపోవచ్చు. "నాకేం కాలేదే, అంతా వినబడింది" అని నిరాశపడేవాళ్లు ఎక్కువ. అలాగే ఉంటుంది మరి.

అసలు పని ఇక్కణ్నుంచి మొదలు. అరచేయి పొట్ట మీద పెట్టించి, ఆ వెచ్చదనం లోపలికి దిగి పేగులు సడలుతున్నట్టు ఊహించుకోమంటారు. ఆ తర్వాత మనసులో ప్రవాహం బొమ్మ. గోదావరి జిల్లాల మనిషికైతే కాలవా లాకులూ చెబితే చాలు. విరేచనాలవాళ్లకి తలుపులు సగం మూసి నీరు నెమ్మదించినట్టు, మలబద్ధకం ఉన్నవాళ్లకి తలుపులు తెరిచి వదిలినట్టు. నీళ్లంటే భయమున్నవాళ్లకి ఇదే చెబితే గుండెదడ మొదలవుతుంది, ముందే భయాలు అడిగేది అందుకు. "నొప్పి లేదు, నొప్పి లేదు" అని వల్లించడం కూడా పనికిరాదు, దాంతో ధ్యాసంతా నొప్పి మీదికే పోతుంది. "పొట్ట వెచ్చగా, వదులుగా ఉంది" అనాలి. చివర ఒకటి నుంచి ఐదు లెక్కించి, చేతులూ కాళ్లూ మామూలు బరువుకి వచ్చాయని విడిగా చెప్పి లేపాలి. హడావిడిగా లేపితే తలనొప్పి, మత్తు మిగులుతాయి. లేచాక పది నిమిషాలు కూర్చుని బండి తీయండి.

మాంచెస్టర్ పద్ధతిలో వారానికొకటి చొప్పున 12 సిట్టింగ్‌లు. అమెరికాలోని నార్త్ కరోలినా పద్ధతిలో రెండు వారాలకొకటి చొప్పున 7, మాటలన్నీ ముందే రాసిపెట్టినవి. ఏదైనా ఇంటిదగ్గర రోజూ 15, 20 నిమిషాల రికార్డింగ్ వినాల్సిందే. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. రాత్రి పక్కమీద వింటూ నిద్రపోతారు, లేదా నొప్పి వచ్చిన రోజే తీస్తారు. కుర్చీలో కూర్చుని, నొప్పి లేని రోజున కూడా వినండి. రికార్డింగ్ మీరు ఇంట్లో మాట్లాడే భాషలోనే అడిగి తీసుకోండి. డ్రైవింగ్‌లో మాత్రం వద్దు.

అందరికీ ఒకేలా పట్టదు. పదిమందిలో ఒకరిద్దరు చాలా లోతుకి వెళ్తారు, ఒకరిద్దరికి అంతగా అంటదు, మిగతావాళ్లు మధ్యస్తం. ఐబీఎస్‌కి మధ్యస్తం సరిపోతుంది.

మొదలుపెట్టేముందు గ్యాస్ట్రో డాక్టర్ని కలిసి రండి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, యాభై దాటాక కొత్తగా మొదలైన లక్షణాలు ఉంటే ముందు పరీక్షలు, ఆ తర్వాతే ఇది. సైకోసిస్ (లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక జబ్బు) ఉన్నవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు తమ డాక్టర్ని అడక్కుండా కూర్చోకూడదు. మన దగ్గరైతే సైకియాట్రిస్టునో, ఆర్‌సీఐలో (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నమోదైన క్లినికల్ సైకాలజిస్టునో చూసుకోండి. ఒక్క సిట్టింగ్‌లో నయం, గతజన్మ చూపిస్తాం, మందులు ఇవాళే మానేయండి... ఈ మూడింట్లో ఏది వినబడినా లేచి వచ్చేయడమే. హిప్నాసిస్‌లో "గుర్తొచ్చిన" సంగతులు నిజమని గ్యారంటీ లేదు, లేనివి ఉన్నట్టు పాతుకుపోగలవు కూడా.

డబ్బు మొత్తం ముందే కట్టకండి. మొదటి సిట్టింగ్‌కి ముందు రెండు వారాలు నొప్పి ఎన్ని రోజులు, ఉబ్బరం ఎంత, బాత్రూమ్‌కి ఎన్నిసార్లు అని నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. సగం సిట్టింగ్‌లయ్యాక మళ్లీ రెండు వారాలు రాసి పోల్చండి. రోజూ విన్నా అంకెలు కదలకపోతే బొమ్మ మార్చమని అడగండి. మొత్తం అయ్యాక కూడా అంతే ఉంటే ఇంకో ప్యాకేజీ కొనకుండా ఆ నోట్‌బుక్ పట్టుకుని మళ్లీ గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికే వెళ్లండి.