ఆ ‘యామ్’ తెలుగులోంచి రాలేదు

నిద్ర పట్టడం లేదు. ఆయనకి పొద్దున్నే డ్యూటీ, గదిలో లైటు వేస్తే విసుక్కుంటారు. అందుకే వంటింట్లో కూర్చుని టైప్ చేస్తున్నాను.

ఇవాళ మా ఇంగ్లీషు క్లాసులో సార్ అన్న మాట నాకింకా మింగుడు పడలేదు. నన్ను కాదు, పెద్దాయనను అన్నాడు. అదే, రిటైరైన కండక్టరు, కొడుకూ కోడలూ అమెరికాలో ఉంటారని రాశాను కదా, ఆయన. నిన్న ఏం చేశారో ఒక్కొక్కరూ బోర్డు మీద ఒక వాక్యం రాయాలి. పెద్దాయన తీరిగ్గా, గుండ్రటి అక్షరాలతో ‘ఐ యామ్ గో టు హాస్పిటల్ యెస్టర్‌డే’ అని రాశారు. సార్ చూసి, “తెలుగులో ఆలోచిస్తే ఇలాగే ఉంటుంది. తెలుగులో ఆలోచించడం మానేయండని ఇంకెన్నిసార్లు చెప్పాలి?” అన్నాడు. ‘యామ్ గో’ని అడ్డంగా కొట్టేసి, పైన ‘వెంట్’ అని రాసి తర్వాతి వాళ్ళను పిలిచాడు. ‘వెంట్’ ఎందుకొచ్చిందో చెప్పలేదు. పెద్దాయన వచ్చి కూర్చుని నోట్‌బుక్ మూసేశారు. పెన్నుకి క్యాప్ పెట్టి జేబుకి తగిలించుకున్నారు. క్లాసు అయ్యేదాకా మళ్ళీ తీయలేదు.

సర్వీసంతా బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టిన మనిషి. మనవరాలితో ఫోన్లో నాలుగు మాటలు మాట్లాడాలని ఈ వయసులో మేడ మెట్లెక్కి వస్తున్నారు. సార్‌కి ఆయన కొడుకు వయసు కూడా ఉండదు. పైగా ఆసుపత్రికి ఎందుకు వెళ్ళారని ఒక్క మాట అడగలేదు. వాక్యంలో తప్పు కనపడింది గానీ విషయం కనపడలేదు. గేటు దగ్గర నేనే అడిగాను. “మా ఇంట్లో ఆమెకు షుగరు కదమ్మా, కాలి పుండు మానలేదు. కట్టు మార్పించుకొచ్చినాం” అన్నారు.

ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచన. నిన్న ఆసుపత్రికి వెళ్ళాను. ఇందులో యామ్ ఎక్కడుంది? పెద్దాయన నిజంగా తెలుగులోనే ఆలోచించి ఉంటే ‘యెస్టర్‌డే హాస్పిటల్ వెంట్’ అనో మరొకటో రాసేవారు, యామ్ మాత్రం రాసేవారు కాదు. ఆ యామ్ మా క్లాసులోంచే వచ్చింది. చేరిన రోజు నుంచీ ఐ యామ్ ఫలానా, ఐ యామ్ ఫ్రమ్ కడప, ఐ యామ్ ఫైన్ అని అందరి చేతా వల్లె వేయించారు. అలా అనీ అనీ ఐ, యామ్ రెండూ ఒకటే మాటగా అతుక్కుపోయాయి. ఫలానాగా ఉన్నాను అన్నా, చేస్తూ ఉన్నాను అన్నా యామ్ కావాలి. పని చేశాను, వెళ్ళాను అంటే దాని అవసరం లేదు. రెండు నిమిషాలు తెలుగులో చెబితే తేలిపోయే సంగతి. ఆ రెండు నిమిషాలు ఇవ్వకుండా నేరం తెలుగు మీదకి నెట్టేశాడు.

క్లాసుకి పోయే దారిలోనే ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ లైబ్రరీ ఉంది. బ్రౌన్ దొర 1817లో మద్రాసులో దిగాక కాలేజీలో తెలుగు మొదలుపెట్టాడు, 1820లో ఉద్యోగం మీద మన కడపకి వచ్చాడు. పండితులకు జీతాలిచ్చి దగ్గర పెట్టుకుని, వాళ్ళను అడిగి అడిగి నేర్చుకున్నాడు. 1840లో తెలుగు వ్యాకరణం అచ్చు వేయించాడు. అది రాసింది ఇంగ్లీషులో, ఇంగ్లీషువాళ్ళకి అర్థమయ్యేలా. అంతటి మనిషే తన భాషను పక్కన పెట్టి మన భాష నేర్చుకోలేదు. మా పెద్దాయనకి మాత్రం ఈ షరతు ఎందుకు?

మా హైస్కూలు గుర్తొచ్చింది. మాకు ఇంగ్లీషు ఆరో తరగతిలో మొదలు. పదో తరగతికి వచ్చేసరికి యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్. ‘రామా కిల్డ్ రావణా’ని ‘రావణా వాజ్ కిల్డ్ బై రామా’ చేయడం. మాస్టారు బోర్డు మీద బాణం గుర్తులు వేసేవారు, ఇది అటు, అది ఇటు, మధ్యలో బై. డైరెక్టుని ఇన్‌డైరెక్టు చేశాం, డిగ్రీలు మార్చాం. ఎవరో రాసిన వాక్యాన్ని ఎలా కావాలంటే అలా తిప్పేవాళ్ళం, మార్కులు కూడా పడేవి. సొంతంగా ఒక్క వాక్యం రాయమని మమ్మల్ని ఎవరూ అడగలేదు. లీవు లెటరు కూడా బట్టీయే. ‘ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’. అక్క పెళ్ళయినా జ్వరమే, జాతరయినా జ్వరమే. శెనక్కాయలు పీకే రోజుల్లో క్లాసులో సగం మందికి ఒకేసారి జ్వరం వచ్చేది.

ఒకసారి నా పక్కన కూర్చునే పిల్ల లేచి, “సార్, జ్వరం కాదు సార్, చేనికి పోవాల. అది ఎట్ల రాయాల సార్?” అని అడిగింది. తిడతారనుకున్నాం. మాస్టారు కాసేపు ఆగి, బోర్డు మూల తుడిచి ‘మై మదర్ నీడ్స్ మి ఇన్ ది ఫీల్డ్’ అని రాశారు. ‘నీడ్స్’ చివరి ఎస్ కింద గీత గీసి, “మీ అమ్మ ఒక్కతే కదా, నువ్వూ కాదు నేనూ కాదు కదా, అందుకే ఎస్” అన్నారు. మేమంతా అమ్మ పోయి నాన్న, నాన్న పోయి అవ్వ అని మార్చి మార్చి రాసుకున్నాం. వాయిస్‌లూ డిగ్రీలూ ఎప్పుడో మర్చిపోయాను. ఆ ఎస్ మాత్రం ఇప్పటికీ తప్పదు.

ఇంత రాశాక సార్ మాట పూర్తిగా కొట్టేయలేనేమో అనిపిస్తోంది. మా క్లాసులో అందరూ ‘ఐ విల్ గెటప్ అట్ ఫైవ్ డైలీ’ అని రాస్తారు. అది మాత్రం కచ్చితంగా తెలుగే. రోజూ లేస్తాను, రేపు లేస్తాను, మనకి రెండూ ఒకటే. ఇంగ్లీషుకి రోజూ చేసేది వేరు, రేపు చేయబోయేది వేరు. ప్రశ్న అడగాలన్నా మనకి చివర దీర్ఘం చాలు, వెళ్ళారు, వెళ్ళారా. అక్కడ డిడ్ వచ్చి ముందు నిలబడాలి, వెంట్ మళ్ళీ గో అయిపోవాలి. ముందు తెలుగులో అనుకుని, ఒక్కో మాటా మార్చుకుంటూ కూర్చుంటే అవతలి మనిషి వెళ్ళిపోతారు. నేను అమ్మే కారప్పొడుల ఆర్డర్ల దగ్గర అది నాకు రోజూ అనుభవమే.

ఇవాళ మధ్యాహ్నం బెంగళూరు ఆమె పార్సిల్ ఎప్పుడొస్తుందని అడిగితే ‘ది పార్సిల్ విల్ రీచ్ యు ఆన్ ఫ్రైడే’ అని పంపాను. పంపాక చూసుకుంటే మధ్యలో తెలుగు రానేలేదు. చాలా సంతోషమేసింది, చిన్నదానికి కూడా చూపించాను.

అంటే సార్ చెప్పేది జరిగేదే. కానీ రాసి రాసి అలవాటయ్యాక దానంతట అదే జరగాల్సినదాన్ని ఆయన మొదటి రోజే చేయమంటున్నాడు. ఆలోచించొద్దు అంటే ఆలోచన ఆగుతుందా? దాని స్థానంలోకి రావడానికి లోపల ఇంగ్లీషు వాక్యాలు ఉండాలిగా. పగలంతా కాలేజీలో చెప్పి, సాయంత్రం వరసగా బ్యాచ్‌లు తీసుకుంటాడు, ఓపిక ఉండదు, ఒప్పుకుంటాను. అయినా మూసిన ఆ నోట్‌బుక్ చూసి కూడా పట్టించుకోలేదు. దానికి ఓపికతో పనిలేదు.

రేపు కాస్త ముందే వెళ్ళి పెద్దాయన పక్కన కూర్చుంటాను. యామ్ సంగతి చెప్పాలి, వీలైతే డిడ్ కూడా, వారం చివర టెస్టులో అదే ఇస్తారట. ఆమె కాలు ఎలా ఉందో కూడా కనుక్కోవాలి. నల్లకారం అడిగారు, ఒక డబ్బా కట్టి పెట్టమని అత్తయ్యకి చెప్పాను.