అమ్మ చుక్కలు

పొద్దున ఐదున్నరకే వాకిట్లో చీపురు చప్పుడు. మోకాళ్ల నొప్పులు, వద్దమ్మా అంటే వినదు. కళ్లాపి చల్లి, పీటేసుకుని చుక్కలు పెడుతోంది. 15 నుంచి 8 వరకు, సందు చుక్క. కాఫీ గ్లాసుతో గడప మీద కూర్చున్నాను. ఆ చుక్కలు చూస్తుంటే చిత్రకారిణి భూరీ బాయి గుర్తొచ్చింది.

భోపాల్ వెళ్లినప్పుడు అక్కడి గిరిజన మ్యూజియంలో ఆవిడ బొమ్మల ముందు నుంచి కదల్లేకపోయాను. జంతువుల ఒంటి నిండా చుక్కలే, మొక్కజొన్న కంకి మీద గింజల్లా. భీల్ తెగ ఆవిడ, ఝాబువా జిల్లా పిటోల్ ఊరు. చిన్నప్పుడు ఇంటి మట్టిగోడ మీదే గీసేది. నలుపుకి పెనం మసి, పచ్చకి చిక్కుడాకు పసరు, ఎరుపుకి జాజు. భీల్ ఇళ్లలో పూజ కోసం గోడ మీద వేసే పిథోరా గుర్రాన్ని మగవాళ్లే వేయాలని ఆచారం. ఈవిడ దాని జోలికి పోకుండా చెట్లు, నెమళ్లు, తర్వాత తర్వాత బస్సులు, విమానాలు కూడా వేసింది.

పెళ్లయ్యాక, భోపాల్‌లో భారత్ భవన్ అనే కళల కేంద్రం కడుతుంటే కూలికి వెళ్లింది. అక్కడ చిత్రకారుడు జె. స్వామినాథన్ బొమ్మలు వేయమని అడిగారు. ఆవిడకి హిందీ రాదు, కాగితం మీద ఎన్నడూ వేయలేదు. పని మానేస్తే కూలి ఎవరిస్తారని దిగులు. మోత పనికి రోజుకి 6 రూపాయలు. బొమ్మలకి 10 ఇచ్చారు. కూర్చుని బొమ్మలేస్తే డబ్బులిస్తారా అని ఆవిడకి నమ్మకమే కుదరలేదట. 2021లో పద్మశ్రీ వచ్చింది కానీ, నా మనసు ఆ 10 రూపాయల దగ్గరే ఆగిపోతుంది.

అమ్మ ముగ్గు ఎనిమిదింటికల్లా బళ్ల కింద చెరిగిపోయింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. ఒక్కటైనా కాగితం మీద వెయ్యమ్మా అని నేనెప్పుడూ అడగలేదు. ఆఫీసులో ఉన్నంతసేపూ అదే బాధ.

సాయంత్రం డ్రాయింగ్ షీటు, స్కెచ్ పెన్నులు కొనుక్కొచ్చాను. "కాగితం మీద నాకు చెయ్యాడదే" అంది. టేబుల్ వద్దంది. షీటు పట్టుకుని పొద్దుటి పీట మీదే కూర్చుంది. నాలుగు వరసలు పెట్టేసరికి అంచు దాకా వచ్చేసింది.

"ఇదెక్కడ సరిపోతుందే? రేపు పెద్దది తీసుకురా."