బుడమేరు నీటిలో రెండు కార్లు

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు నీరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు, మా కారూ పక్కింటి బాబాయిగారి కారూ ఒకే లోతు నీటిలో రోజుల తరబడి నిలిచిపోయాయి. రెండింటికీ ఇన్సూరెన్స్ ఉన్నా పరిహారం మాకే అందింది. "మూడేళ్లకు ఒకేసారి కట్టాను కదమ్మా" అని ఆయన అన్న మాట నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఆయన చెప్పింది నిజమే. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారు కొనేటప్పుడే మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టాన్ని భరించే బీమా, తీసుకోవాలి. కానీ సొంత కారుకు జరిగే నష్టాన్ని భరించే ఓన్ డ్యామేజ్ భాగానికి సాధారణంగా ఏడాదే గడువు. ఒకే కాగితం మీద రెండు గడువు తేదీలుంటాయన్న సంగతి షోరూములో ఆయనకు ఎవరూ విడమరచి చెప్పలేదు. మోటారు వాహనాల చట్టంలోని 146వ సెక్షన్ కోరేది థర్డ్ పార్టీ బీమానే కాబట్టి, రెండో భాగం ముగిసినా ఏ తనిఖీలోనూ అది బయటపడలేదు.

థర్డ్ పార్టీ బీమాను నేను తక్కువ చేయడం లేదు. మన కారు తగిలి ఒక మనిషి మరణిస్తే, ఆ కుటుంబానికి ట్రిబ్యునల్ నిర్ణయించే పరిహారానికి అదే ఆధారం. అది లేకుండా బండి నడిపితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా గానీ, మూడు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. అయితే వరద, దొంగతనం, అగ్నిప్రమాదం వల్ల మన కారుకు కలిగే నష్టానికి అందులో ఒక్క రూపాయి కూడా రాదు.

మాకు వచ్చిన సొమ్ము కూడా పూర్తిగా రాలేదు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం ధర తరుగుదల కింద కోసేశారు. తరుగుదల తీసివేయకుండా చెల్లించే జీరో డిప్రిసియేషన్ అనే అదనపు రక్షణ తీసుకుని ఉంటే ఆ కోత ఉండేది కాదు. నష్టాన్ని అంచనా వేయడానికి వచ్చిన ఇన్సూరెన్స్ సర్వేయర్ అడిగిన మొదటి ప్రశ్న, నీటిలో ఉండగా కారు స్టార్ట్ చేశారా అని. అలా చేస్తే నీరు లోపలికి చేరి ఇంజిన్ పాడవుతుంది, ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోని పాలసీలో ఆ నష్టాన్ని సాధారణంగా చెల్లించరు. మా మెకానిక్ ముందే ఫోన్ చేసి తాళం ముట్టుకోవద్దని హెచ్చరించడంతో, నీరు తీసిన తర్వాత కారును లాగించి షెడ్డుకు చేర్చాం.